ధమని గోడలో మందు లక్ష్యాల వెతుకులాట: ఒక ఉమ్మడి ప్రాజెక్టు డైరీ

జనవరి

నాలుగు బృందాలం కలిసి మొదలుపెట్టిన పని ఇది. ధమనుల గోడల్లో పూడిక పెరగడానికి కారణమయ్యే జన్యువుల్లో మందు లక్ష్యాలుగా పనికొచ్చేవి ఏవో తేల్చాలి. ఒక బృందం జన్యు గణాంకాలు చూస్తుంది. రెండోది మెడ ధమనిలో పేరుకున్న పూడికను ఆపరేషన్ చేసి తీసే సర్జన్లది. రోగులు ఒప్పుకుని సంతకం చేస్తేనే ఆ ముక్కలు పరిశోధనకు వస్తాయి. మాది రక్తనాళ కణాల ల్యాబ్. నాలుగోవాళ్లు మందుల రసాయన శాస్త్రవేత్తలు. ఈ డైరీ నలుగురికీ అందుబాటులో ఉంటుంది, కాబట్టి ఎవరికీ కొరుకుడుపడని భాషలో రాయకూడదని ముందే అనుకున్నాం.

కొలెస్ట్రాల్ తగ్గించే మందులు ఉండగా ఇంకా వెతకడం ఎందుకని తరచూ అడుగుతుంటారు. స్టాటిన్లు చేసిన మేలు చిన్నది కాదు. "చెడు కొలెస్ట్రాల్" అనే ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ లీటరుకు 1 మిల్లీమోల్, అంటే డెసీలీటరుకు సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు ఐదో వంతుకు పైగా తగ్గుతాయని అనేక పరీక్షల ఫలితాలను కలిపి చూసినప్పుడు తేలింది. కానీ మిగిలిన ముప్పు మిగిలే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవాళ్లు కోటీ 79 లక్షల మంది. ఎల్‌డీఎల్ బాగా తగ్గించుకున్నాక కూడా రెండోసారి, మూడోసారి గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చేవాళ్లను మా సర్జన్లు ప్రతి వారం చూస్తున్నారు.

పూడిక అంటే పైపులో మురికి పేరుకోవడం అనుకుంటారు చాలామంది. అది అలా ఉండదు. ఎల్‌డీఎల్ రేణువులు ధమని లోపలి పొర కిందకు చేరి అక్కడ చిక్కుకుంటాయి. వాటిని మింగడానికి వచ్చిన మాక్రోఫేజ్ కణాలు కొవ్వుతో ఉబ్బిపోతాయి. మధ్య పొరలోని మృదు కండర కణాలు తమ పని వదిలి లోపలికి జరుగుతాయి. వాటిలో కొన్ని పీచుపదార్థం తయారుచేసి పూడిక మీద మూతలా ఒక పొర కడతాయి. ఆ పొర పలచబడి చిట్లితే రక్తం అక్కడే గడ్డకడుతుంది, గుండెపోటు వస్తుంది. అంటే ఇది బతికున్న కణజాలంలో జరిగే పని. ఎల్‌డీఎల్‌ని తగ్గించడం సరుకు రాకుండా ఆపడం మాత్రమే. గోడ లోపల జరుగుతున్న పనిని మార్చే మందులు మన దగ్గర దాదాపు లేవు. నా ఆరాటమంతా అక్కడే.

ఫిబ్రవరి

జాబితా తయారీ మొదలైంది. ఆధారం పెద్దదే. 2007లో తొమ్మిదో క్రోమోజోమ్ మీద 9పీ21 అనే ప్రాంతానికి గుండె ధమనుల జబ్బుతో సంబంధం ఉందని వేర్వేరు బృందాలు దాదాపు ఒకేసారి కనుక్కున్నాయి. అది కొలెస్ట్రాల్‌తోనో రక్తపోటుతోనో ముడిపడని ప్రాంతం కావడం అప్పట్లో అందరినీ ఆశ్చర్యపరిచింది. ఆ తర్వాత దేశాల హద్దులు దాటి డేటా కలపడం మొదలైంది. కార్డియోగ్రామ్‌ప్లస్‌సీ4డీ అనే ఉమ్మడి బృందం 2015లో 60,801 మంది రోగుల జన్యు సమాచారం చూసింది. 2022లో వచ్చిన విశ్లేషణలో మొత్తం 11,65,690 మంది ఉన్నారు. వాళ్లలో 1,81,522 మంది గుండె ధమనుల జబ్బు ఉన్నవాళ్లు. తేలిన సంబంధాలు 241. ఏ ఒక్క ఆసుపత్రీ, ఏ ఒక్క దేశమూ ఇంతమందిని సమకూర్చలేదు. ఒక్కో వేరియంట్ (డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ ఉండే చిన్న తేడా) ప్రభావం చాలా చిన్నది, కాబట్టి లక్షల మంది లేకపోతే అది కంటికి ఆనదు.

ఇన్ని ప్రాంతాలు తెలిసినా వాటిలోంచి పుట్టిన మందులు చాలా తక్కువ. ఎక్కువ వేరియంట్లు ప్రోటీన్ల నిర్మాణాన్ని మార్చవు. జన్యువుల మధ్య ఖాళీలో ఉండి, ఎంత ప్రోటీన్ తయారుకావాలో నిర్ణయిస్తాయి. పైగా అవి పక్కనే ఉన్న జన్యువునే నడుపుతాయన్న హామీ లేదు. వరండాలోని స్విచ్చు వంటింటి ఫ్యానును తిప్పుతున్నట్టుంటుంది వ్యవహారం. స్విచ్చు దొరికినా అది ఏ ఫ్యానుదో, ఏ కణంలో తిరుగుతుందో వెతకాలి.

మా సమావేశాల్లో పీసీఎస్‌కే9 అనే జన్యువు కథ పదేపదే వస్తుంది. రావాలి కూడా. 2003లో ఫ్రాన్స్‌లో, కొలెస్ట్రాల్ వంశపారంపర్యంగా విపరీతంగా ఉన్న కుటుంబాల్లో ఈ జన్యువులో మార్పులు కనిపించాయి. అక్కడ జన్యువు అతిగా పనిచేస్తోంది. ఆ తర్వాత హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ అమెరికాలో దీనికి తలకిందులు వెతికారు: అదే జన్యువు పనిచేయనివాళ్లు ఎలా ఉన్నారు? 2006లో వచ్చిన ఫలితం ఇప్పటికీ చదివినప్పుడల్లా ఉత్సాహం తెప్పిస్తుంది. ఆఫ్రికన్ అమెరికన్లలో ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పనిచేయనివాళ్లకు ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండె ధమనుల జబ్బు ముప్పు 88 శాతం తక్కువ. పుట్టినప్పటి నుంచీ ఆ ప్రోటీన్ తక్కువగా ఉన్నా వాళ్లు ఆరోగ్యంగా ఉన్నారు. 2015కల్లా దాన్ని అడ్డుకునే రెండు యాంటీబాడీ మందులకు అనుమతులు వచ్చాయి. మొదటి కుటుంబం నుంచి మందు దాకా పన్నెండేళ్లు. ఈ రంగంలో అది చాలా వేగం.

దీనికి పూర్తి వ్యతిరేకం హెచ్‌డీఎల్ కథ. "మంచి కొలెస్ట్రాల్" ఎక్కువ ఉన్నవాళ్లకు గుండెపోట్లు తక్కువన్నది దశాబ్దాలుగా కనిపిస్తున్న సంబంధమే. దాన్ని పెంచే టోర్సెట్రాపిబ్ పరీక్షను 2006 డిసెంబర్‌లో ఆపేశారు, మందు తీసుకున్నవాళ్లలో మరణాలు పెరగడంతో. అదే రకం మందుల్లో డాల్సెట్రాపిబ్ పరీక్ష 2012లో ఆగింది, ఇవాసెట్రాపిబ్ 2015లో. 2012లోనే జన్యు ఆధారం వచ్చింది: పుట్టుకతో హెచ్‌డీఎల్ ఎక్కువగా ఉండేలా చేసే ఎండోథీలియల్ లైపేజ్ వేరియంట్ ఉన్నవాళ్లకు గుండెపోట్లు ఏమీ తగ్గలేదు. ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటే వేలమంది రోగులు ఆ పరీక్షల్లోకి వెళ్లాల్సిన అవసరం వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. అప్పట్లో అంత జన్యు సమాచారం లేదు, నిజమే. ఇప్పుడు ఉంది. ఇప్పుడు కూడా అడగకపోతే సమర్థించుకోవడానికి ఏమీ ఉండదు.

ఫిబ్రవరి చివర

ఏది ఆధారం, ఏది కాదు అన్న దాని మీద గట్టి వాదనే జరిగింది. ఫలితాలు రాకముందే నియమాలు రాసిపెట్టాలని గణాంకాల మేడమ్ పట్టుబట్టారు. ఆవిడ మాటే నెగ్గింది. ఫలితం చూశాక నియమం పెడితే మనకు ఇష్టమైన జన్యువు ఎలాగో నెగ్గుతుంది.

కుదిరిన ఒప్పందం ఇది. జబ్బుతో సంబంధం ఉన్న వేరియంటే ధమని కణజాలంలో ఆ జన్యువు మోతాదునూ మారుస్తున్నట్టు కనిపించాలి. జన్యువు పెరిగితే జబ్బు పెరుగుతుందా తగ్గుతుందా అన్నది స్పష్టంగా తెలియాలి. మనిషి కణాల్లో ప్రభావం రెండు వేర్వేరు ల్యాబుల్లో కనిపించాలి. ఆ జన్యువు పుట్టుకతోనే తక్కువగా ఉన్న మనుషుల్లో వేరే పెద్ద జబ్బు ఉండకూడదు. చివరిగా రసాయన బృందం "దీన్ని పట్టుకోగలం" అనాలి. ఒక్కదాంట్లో తప్పినా జాబితాలోంచి తీసేస్తాం, తీసేసిన కారణాన్ని ఇక్కడే రాస్తాం.

సర్జన్ గారికి జన్యు ఆధారం మీద ఇంత పట్టింపు ఎందుకో మొదట అర్థంకాలేదు. 2024లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ చూపించాను: జన్యు ఆధారం ఉన్న మందు లక్ష్యాలు, లేనివాటితో పోలిస్తే పరీక్షలన్నీ దాటి అనుమతి దాకా చేరే అవకాశం 2.6 రెట్లు ఎక్కువ. ఆ తర్వాత ఆయన అభ్యంతరం చెప్పలేదు.

మార్చి, ఏప్రిల్

చూడటానికి విసుగు పుట్టించే పని, నిజానికి అన్నిటికంటే ముఖ్యమైన పని: డేటాలను ఒకదానితో ఒకటి సరిపోల్చడం.

ఒక డేటా మానవ జన్యు పటం 37వ కూర్పులో ఉంటే ఇంకొకటి 38లో ఉంటుంది. స్థానాలు మారిపోతాయి. అంతకంటే ప్రమాదకరమైనది, ప్రభావం ఏ అక్షరానికి లెక్కకట్టారన్నది. ఒకరు 'జీ' అక్షరానికి ముప్పు ఎంతో చెబుతారు, మరొకరు అదే చోట 'ఏ'కి చెబుతారు. ఇక ఏ-టీ, సీ-జీ జంటలు డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఏ వైపు నుంచి చదివినా ఒకలాగే కనిపిస్తాయి. జనాభాలో రెండు అక్షరాలూ సగంసగం ఉంటే ఏది ఏదో తేల్చడం అసాధ్యం. అలాంటివాటిని పక్కన పెట్టేయాలని నిర్ణయించాం.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఇక్కడ గుర్తు తారుమారైతే దిశ తారుమారవుతుంది. అడ్డుకోవాల్సిన ప్రోటీన్‌ను పెంచే మందు తయారుచేయడానికి కొన్నేళ్లు పనిచేస్తాం. గ్వానిలేట్ సైక్లేజ్ సంగతి చూడండి. 2013లో, గుండెపోట్లు ఎక్కువగా ఉన్న ఒక పెద్ద కుటుంబంలో ఆ ఎంజైమ్‌ను దెబ్బతీసే అరుదైన మార్పు దొరికింది. అంటే అది పనిచేయకపోతే ముప్పు. కాబట్టి అక్కడ కావలసింది ఆపే మందు కాదు, ప్రోత్సహించే మందు. అలాంటి మందులు ఇప్పటికే వేరే జబ్బులకు వాడుకలో ఉన్నాయి కూడా: ఊపిరితిత్తుల ధమనుల్లో పెరిగిన రక్తపోటుకు రియోసిగ్వాట్, గుండె వైఫల్యానికి వెరిసిగ్వాట్. లక్ష్యం పేరు ఒక్కటే చెప్పి దిశ చెప్పని ప్రజెంటేషన్‌ను ఇకమీద ఒప్పుకోబోమని అందరం తీర్మానించుకున్నాం.

కణజాలం సంగతికొస్తే, ఏ కణజాలంలో ఏ జన్యువు ఎంత పనిచేస్తుందో చూపే జీటెక్స్ డేటాలో బృహద్ధమని, గుండె ధమని, కాలి ధమని నమూనాలు ఉన్నాయి. స్టార్‌నెట్ అనే స్టాక్‌హోమ్-టార్టు పరిశోధనలో, గుండె ఆపరేషన్ చేయించుకున్న సుమారు 600 మంది నుంచి ఏడు రకాల కణజాలాలు తీసుకున్నారు. జబ్బున్న మనుషుల ధమని గోడ అందులో ఉంది, అందుకే మాకు అది ఎక్కువ విలువైనది. రెండింటిలోనూ ఒకే దిశ కనిపించినవాటిని ముందుకు తీసుకెళ్లాం.

ఒక అసంతృప్తి మాత్రం రాసి తీరాలి. ఈ డేటాల్లో యూరప్ మూలాలున్నవాళ్లే అత్యధికులు. ఇది న్యాయానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు, పనికి సంబంధించినది కూడా. వేర్వేరు మూలాలున్న జనాభాల్లో పక్కపక్క వేరియంట్లు కలిసి సంక్రమించే తీరు వేరుగా ఉంటుంది. వాళ్లందరినీ కలిపి చూస్తే అనుమానితుల జాబితా బాగా కుదించుకుపోతుంది. ఒకే మూలం ఉన్న డేటాలో విడదీయలేని రెండు వేరియంట్లు ఇంకో జనాభాలో వాటంతటవే విడిపోతాయి.

మే

పూడిక ముక్కలు రావడం మొదలైంది.

మొదట తాజా ముక్కలను ఎంజైమ్‌లతో కరిగించి కణాలు విడదీశాం. మాక్రోఫేజ్‌లు, టీ కణాలు బాగానే వచ్చాయి. మృదు కండర కణాలు చాలా తక్కువ. అవి పీచుపదార్థంలో గట్టిగా కూరుకుపోయి ఉంటాయి, సున్నం పట్టిన పూడికలో మరీను. బయటికి వచ్చేలోపే చాలావరకు చచ్చిపోతాయి. లెక్కలు మాత్రమే చూస్తే పూడిక అంతా రోగనిరోధక కణాలే అనిపిస్తుంది. అందుకని దారి మార్చాం. ముక్కను వెంటనే గడ్డకట్టించి, తర్వాత కణ కేంద్రకాలను మాత్రమే విడదీసి చదువుతున్నాం. ఇప్పుడు కండర కణాలు వాటి వాటాలో కనిపిస్తున్నాయి.

ఆపరేషన్ థియేటర్ నుంచి ఫ్రీజర్ దాకా పట్టే సమయం గురించి మా పరిశోధక విద్యార్థిని సర్జన్ గారిని మొహమాటంగానే అడిగింది.

"సార్, ముక్క బయటికి తీసిన టైము ఎవరైనా రాస్తే చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

"రాయడం ఎందుకమ్మా, మీలో ఒకరు గ్రీన్ గౌను వేసుకుని లోపలికే వచ్చి నిలబడండి. నా చేతిలోంచి మీ చేతికే ఇస్తాను."

అప్పటినుంచి పద్ధతి అదే. ఏ జన్యువు పనిచేస్తోందో చెప్పే ఆర్‌ఎన్‌ఏ నాణ్యత స్పష్టంగా మెరుగుపడింది. ఉమ్మడి పరిశోధన అని పెద్దపెద్ద పత్రాలు రాసుకుంటాం కానీ, అసలు తేడా తెచ్చేవి ఇలాంటి ఏర్పాట్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆపరేషన్‌లో తీసిన పూడిక దశాబ్దాల జబ్బుకు చివరి దశ. అందులో ఒక జన్యువు విపరీతంగా పెరిగి కనిపిస్తే అది జబ్బుకు కారణం కావచ్చు, జబ్బు తెచ్చిన ఫలితమూ కావచ్చు, గోడ తనను తాను కాపాడుకునే ప్రయత్నమూ కావచ్చు. పుట్టుకతో వచ్చిన వేరియంట్‌కు ఆ అయోమయం లేదు, అది జబ్బు కంటే ముందే ఉంది. అందుకే పూడిక ముక్కలను 'ఏ కణంలో' అన్న ప్రశ్నకే వాడుతున్నాం. 'కారణమా కాదా' అన్నది జన్యు డేటానే చెప్పాలి.

డారాప్లాడిబ్ అనుభవం గుర్తుంటే ఈ జాగ్రత్త అతిగా అనిపించదు. ఎల్‌పీ-పీఎల్‌ఏ2 అనే ఎంజైమ్ రక్తంలో ఎక్కువ ఉన్నవాళ్లకు గుండెపోట్లు ఎక్కువ, పూడికలోనూ అది కనిపిస్తుంది. దాన్ని అడ్డుకునే ఆ మందును 15,828 మంది మీద పరీక్షిస్తే 2014లో ప్రధాన ఫలితం విఫలమైంది. తూర్పు ఆసియా జనాభాలో ఆ ఎంజైమ్‌ను నిర్వీర్యం చేసే వేరియంట్ సహజంగానే ఉంది. చాలామంది జన్యు, ఆరోగ్య సమాచారం భద్రపరిచిన చైనా కడూరీ బయోబ్యాంక్‌లో ఆ వేరియంట్ ఉన్నవాళ్లను చూస్తే వాళ్లకు రక్తనాళాల జబ్బులేమీ తగ్గలేదని 2016లో తేలింది. జవాబు మనుషుల జన్యువుల్లో ఎప్పటినుంచో రాసి ఉంది.

జూన్, జూలై

ల్యాబ్ పని ఊపందుకుంది. మనిషి ధమనుల నుంచి తీసిన మృదు కండర కణాల్లో, జాబితాలోని జన్యువులను క్రిస్పర్ పద్ధతిలో ఒక్కొక్కటిగా అణచి చూస్తున్నాం. డీఎన్‌ఏను కత్తిరించకుండా జన్యువు గొంతు మాత్రమే నొక్కే రకం ఇది. మందు చేసే పనికి ఇదే దగ్గరగా ఉంటుంది. కొలిచేవి కణం జరిగే వేగం, విభజన, ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్‌ని మింగే తీరు, పీచుపదార్థం తయారీ.

ఈ కణాల మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. పూడికలో మాక్రోఫేజ్‌లుగా కనిపించేవాటిలో గణనీయమైన భాగం ఒకప్పటి మృదు కండర కణాలేనని ఎలుకల్లో కణాల వంశాన్ని గుర్తుపట్టే ప్రయోగాలు చూపించాయి. కేఎల్‌ఎఫ్4 జన్యువు తీసేస్తే ఆ మార్పు తగ్గి పూడిక చిన్నదైందని 2015లో వచ్చింది. 2019లో టీసీఎఫ్21 గురించి ఇంకో సంగతి తేలింది. గుండె ధమనుల జబ్బు ముప్పుతో ముడిపడిన ఆ జన్యువు, కండర కణాన్ని పీచు తయారుచేసే కణంగా మారుస్తుంది, ఆ మార్పు పూడిక మూతను గట్టిపరుస్తుంది. అంటే ఒకే కణం హానీ చేయగలదు, మేలూ చేయగలదు. "కండర కణాల వలసను ఆపితే చాలు" అనుకునే సులువైన ఆలోచనకు ఇక్కడ చోటు లేదు. వలసను పూర్తిగా ఆపితే మూత కట్టేవాళ్లెవరు?

రెండు ల్యాబుల ఫలితాలు మొదట పొసగలేదు. మా దగ్గర ఒక జన్యువును అణచితే కణాలు నెమ్మదించాయి. భాగస్వామి ల్యాబ్‌లో ఏ తేడా లేదు. ఎవరి చేతిలోనూ లోపం లేదు. ఈ కణాలు అంత సున్నితమైనవి. దాత వయసు, ఎన్నిసార్లు పెంచి విడదీశాం, కణాలకు పోషణగా పోసే సీరం ఏ బ్యాచ్‌ది, ప్రయోగానికి ముందు సీరం లేకుండా ఎంతసేపు ఉంచాం, అన్నీ తేడా తెస్తాయి. చివరికి కణాలను ఇచ్చిపుచ్చుకున్నాం. ఒకే దాతల కణాలు, ఒకే బ్యాచ్ సీరం, ఒకే పద్ధతి. ట్యూబుల మీద కోడ్ నంబర్లు మాత్రమే. ఏది ఏ జన్యువో గణాంకాల బృందానికే తెలుసు.

కోడ్ విప్పిన రోజు అందరిలోనూ టెన్షన్. కొన్ని జన్యువులకు రెండు చోట్లా ఒకే ఫలితం. మేం ఎంతో ఆశ పెట్టుకున్న ఒక జన్యువు రెండు చోట్లా ఏమీ చేయలేదు. ముందు మా ల్యాబ్‌లో కనిపించిన ప్రభావం ఒకే దాత కణాలకు పరిమితమని తేలింది. దాన్ని జాబితాలోంచి తీసేశాం. బాధ ఉంది. కానీ రెండు ల్యాబుల కొలతలు కలిసి 'కాదు' అన్నాక, ఆ మాటను నమ్మి ముందుకెళ్లడమే.

ఆగస్టు

ఈ నెలంతా ఆరో క్రోమోజోమ్ మీదే గడిచింది. ఆర్‌ఎస్9349379 అనే ఒకే ఒక్క అక్షరం. పీహెచ్‌ఏసీటీఆర్1 జన్యువు మధ్యలో ఉంది. ఇక్కడ 'జీ' ఉంటే గుండె ధమనుల జబ్బు ముప్పు ఎక్కువ. సంకేతం చాలా బలమైనది, అనేక జనాభాల్లో నిలబడింది. ఏ రకంగా చూసినా మా జాబితాలో పైవరుసలో ఉండాలి.

కానీ అదే 'జీ' ఉన్నవాళ్లకు పార్శ్వపు తలనొప్పి ముప్పు తక్కువ. మెడ ధమని పొరలు చీలే జబ్బు తక్కువ. ధమని గోడలు వికృతంగా ఎదిగే ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లాసియా తక్కువ. గుండె ధమని దానంతటదే చీలి గుండెపోటు తెచ్చే సమస్య కూడా తక్కువే. ఇది ముఖ్యంగా మహిళల్లో, అది కూడా చిన్న వయసులో కనిపించేది. ఒక అక్షరం ఒక జబ్బు నుంచి కాపాడుతూ ఇంకో జబ్బు వైపు తోస్తోంది.

ఏ జన్యువు ద్వారా అన్నదీ తేలలేదు. ఆ అక్షరం సుమారు 6 లక్షల డీఎన్‌ఏ అక్షరాల దూరంలో ఉన్న ఎండోథీలిన్-1 జన్యువును నడుపుతుందని 2017లో ఒక పరిశోధన చెప్పింది. ఎండోథీలిన్ రక్తనాళాలను బలంగా బిగించే పదార్థం, దాన్ని అడ్డుకునే మందులు ఉన్నాయి కూడా. కాబట్టి అందరికీ ఆశ పుట్టింది. ఆ తర్వాత వేరే బృందాలు, కాదు, అది పీహెచ్‌ఏసీటీఆర్1నే నడుపుతుందని వాదించాయి. మేం ధమని లోపలి పొరలోని ఎండోథీలియల్ కణాల్లో ఆ చోటును అణచి రెండు జన్యువులనూ కొలిచాం. మా ఫలితం ఏ వాదనకూ తీర్పు చెప్పేంత స్పష్టంగా లేదు.

మా బృందంలో చీలిక వచ్చింది. సంకేతం ఇంత బలంగా ఉంటే వదలడమేమిటని కొందరు. ధమని చీలిపోయే ముప్పును పెంచగల మందును, వేరే జబ్బు లేని మధ్యవయసు మనిషికి దశాబ్దాలపాటు ఎలా ఇస్తామని మిగతావాళ్లు. నేను రెండో పక్షం. ధమనుల మందు అంటే జ్వరం మాత్రలా మూడు రోజుల మాట కాదు. దీన్ని పక్కన పెట్టాం, ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకునే పని మాత్రం ఆగదు. గోడ బిగుతుకీ, పూడికకీ, చీలికకీ మధ్య ఉన్న ఆ సంబంధం అర్థమైతే అక్కడినుంచి ఇంకో లక్ష్యం పుట్టవచ్చు.

సెప్టెంబర్

నిలబడినవాటిలో ముందున్నది ఎడామ్‌టీఎస్7.

15వ క్రోమోజోమ్ మీద ఈ ప్రాంతం 2011లో బయటపడింది. ఇది ఒక ఎంజైమ్, కణాల బయట ఉన్న ప్రోటీన్లను కత్తిరిస్తుంది. కాంప్, థ్రాంబోస్పాండిన్-1 లాంటివి దీని కోతకు గురయ్యేవి. ఇవి తెగినప్పుడు మృదు కండర కణాలకు జరగడం సులువవుతుంది, గాయపడిన ధమని లోపలి పొర మళ్లీ పరుచుకోవడం ఆలస్యమవుతుంది. కాపాడే రకం వేరియంట్ ఉన్నవాళ్లలో ఈ ఎంజైమ్ పక్వానికి రావడం తగ్గుతుంది. ఈ జన్యువు తీసేసిన ఎలుకల్లో పూడిక తగ్గిందని 2015లో చూపించారు. ప్రోటీన్ ఉండగా కత్తిరించే శక్తి ఒక్కటే పోగొట్టినా అంతే తగ్గిందని 2021లో తేలింది. మాకు ఎక్కువ ధైర్యమిచ్చింది ఈ రెండోదే. ప్రోటీన్ మొత్తాన్ని మాయం చేయక్కర్లేదు, దాని కత్తెర పట్టుకుంటే చాలు. దిశ స్పష్టం: ఆపాలి.

ఈ జన్యువు పక్కనే నికోటిన్ గ్రాహకాల జన్యువులు ఉన్నాయి, అవి పొగ అలవాటుతో ముడిపడినవి. కాబట్టి ఇక్కడి సంకేతం పొగ వల్లనా, ఎంజైమ్ వల్లనా అన్న అనుమానం సహజం. గణాంకాల బృందం రెండింటినీ విడదీసి చూసింది. ఎన్నడూ పొగ తాగనివాళ్లలో కూడా సంబంధం నిలబడింది. ఇంకో సంగతి, పొగ తాగేవాళ్లలో కాపాడే వేరియంట్ ఇచ్చే మేలు చాలా తగ్గిపోతుందని 2017లోనే వచ్చింది. మందు వచ్చినా పొగ తాగేవాళ్లకు అది అంతగా పనిచేయకపోవచ్చు. పరీక్షను రూపొందించే రోజున ఈ సంగతి మరిచిపోకూడదని ఇక్కడ లావు అక్షరాలతో రాయించాను.

రసాయన బృందంతో మాట్లాడినప్పుడు వాళ్ల మొదటి ప్రశ్న, "దీని అన్నదమ్ములెవరు?" సరైన ప్రశ్న. ఈ కుటుంబంలో ఎడామ్‌టీఎస్13 ఉంది. అది వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది. అది లోపిస్తే చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే టీటీపీ అనే ప్రాణాంతక జబ్బు వస్తుంది. ధమని జబ్బుకు ఇచ్చే మందు పొరపాటున దాన్ని తాకితే రోగికి అపకారం చేసినట్టే. ఇలాంటి ఎంజైమ్‌లన్నిటి మధ్యలో ఒక జింకు అణువు ఉంటుంది. దాన్ని పట్టుకునే పదార్థాలు తయారుచేయడం సులువే, కానీ అవి అందరినీ పట్టుకుంటాయి. క్యాన్సర్‌కు వాడి చూసిన మారిమాస్టాట్ లాంటి మందులు కీళ్లు, కండరాల నొప్పులతో రోగులను బాధించిన చరిత్ర ఉంది. కాబట్టి మొదటి రోజు నుంచే ప్రతి పదార్థాన్నీ ఎడామ్‌టీఎస్7తో పాటు 4, 5, 13ల మీద కూడా పరీక్షించాలని నిర్ణయం. ముందు బలం, తర్వాత ఎంపిక అన్న మామూలు వరుసను ఇక్కడ పాటించబోం.

అక్టోబర్

భద్రత గురించిన చర్చ. ఆంగ్‌పీటీఎల్4 అనే జన్యువు ఉదాహరణ తీసుకున్నాం. ఆ జన్యువును బలహీనపరిచే వేరియంట్ ఉన్నవాళ్లకు ట్రైగ్లిసరైడ్లు తక్కువ, గుండె ధమనుల జబ్బూ తక్కువ అని 2016లో తేలింది. మనుషుల్లో అంత చక్కటి ఆధారం. కానీ దాన్ని యాంటీబాడీతో అడ్డుకున్న జంతువుల్లో పేగుల దగ్గరి లింఫ్ గ్రంథుల్లో కొవ్వు చేరింది. ఒక ప్రతి కొంత బలహీనంగా ఉండటం వేరు, మందుతో గట్టిగా అణచివేయడం వేరు.

క్యాంటోస్ పరీక్ష కూడా మాట్లాడుకున్నాం. 10,061 మంది మీద, వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కనకినుమాబ్‌తో జరిగింది. 2017లో ఫలితం వచ్చింది. 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి, కొలెస్ట్రాల్ ఏమాత్రం తగ్గకుండానే. ధమని గోడలోని వాపును తగ్గిస్తే మేలు జరుగుతుందని మనుషుల్లో నిరూపించిన గొప్ప పరీక్ష అది. కానీ ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాల్లో తేడా రాలేదు. కొలెస్ట్రాల్ తగ్గించకుండా ధమని జబ్బును తగ్గించవచ్చన్న మా నమ్మకానికి మూలం ఆ పరీక్షే, దానికి చెల్లించాల్సిన మూల్యాన్ని చూపించిందీ అదే.

ఎడామ్‌టీఎస్7 విషయంలో బయోబ్యాంక్ డేటాలో వేరే జబ్బులన్నిటితో సంబంధాలు వెతుకుతున్నాం. యూకే బయోబ్యాంక్‌లోనే 5 లక్షల మంది ఉన్నారు. ఇప్పటిదాకా ఆపేసేంత సంకేతం ఏదీ కనిపించలేదు. అయితే దీన్ని పూర్తిగా నిర్వీర్యం చేసే మార్పులు రెండు ప్రతుల్లోనూ ఉన్న మనుషులు చాలా అరుదు. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే జనాభాల్లో అలాంటివాళ్లు దొరికే అవకాశం ఎక్కువ. పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధనలో ఏపీఓసీ3 జన్యువు రెండు ప్రతులూ పనిచేయని కుటుంబం అలాగే దొరికింది. అలాంటి డేటా ఉన్న బృందాలకు రాశాం.

నవంబర్

జాబితాలోంచి తీసేసిన జన్యువుల ఫలితాలన్నీ, పద్ధతులతో సహా, బహిరంగ డేటాబేస్‌లో పెట్టడానికి నలుగురం ఒప్పుకున్నాం. ఈ ఒప్పందం అంత తేలిగ్గా రాలేదు. "కాదు" అన్న ఫలితాన్ని ఎవరు చదువుతారని ఒక మాట, మా పోటీదారులకు సాయపడినట్టు కాదా అని ఇంకో మాట వచ్చాయి. మేం నెలలు పెట్టి చూసినదాన్నే మరొక ల్యాబ్ మళ్లీ నెలలు పెట్టి చూడటం, దానికి మళ్లీ రోగుల కణజాలం వాడటం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. ఆ ముక్కలు ఇచ్చినవాళ్లు మా పేరు కోసం ఇవ్వలేదు.

కాంప్ ప్రోటీన్‌లోని కోత పడే చోటును అనుకరించే చిన్న పెప్టైడ్‌కు వెలుగునిచ్చే రంగు తగిలించి, తెగితే మెరిసేలా రసాయన బృందం పరీక్షను సిద్ధం చేసింది. ఎంజైమ్ ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు చురుకుదనంలో మారుతోంది. అది నిలకడగా వచ్చేదాకా పదార్థాల వడపోత మొదలుపెట్టవద్దని చెప్పాం. ఈలోగా మా దగ్గర, వేరియంట్ రెండు రూపాలున్న దాతల కణాలను పక్కపక్కన పెట్టి, ఎంజైమ్‌ను అణచినప్పుడు మూత కట్టే పీచుపదార్థం తగ్గుతుందేమో కొలుస్తున్నాం. వలస తగ్గి మూత కూడా పలచబడితే ఈ లక్ష్యాన్నీ వదిలేయాల్సిందే, ఎంత ఇష్టమైనా. మొదటి దాతల కణాల్లో పీచుపదార్థం నిలకడగానే ఉంది. మిగతా దాతల కణాలు భాగస్వామి ల్యాబ్‌కు కోడ్ నంబర్లతో వెళ్లాయి, అవి తిరిగొచ్చాకే రసాయన బృందానికి ముందుకెళ్లమని చెబుతాం.